తడి తగలని టిక్కీ

ఏజెంట్ షఫీక్‌కి తుపాకీ అంటే భయం లేదు. కత్తి అంటే భయం లేదు. పరుగెత్తే రైల్లోంచి దూకమన్నా దూకుతాడు, ఒకసారి దూకాడు కూడా. అతనికి పడనిదల్లా ఒక్కటే, ఏజెంట్ మార్క్ నవ్వు.

ఆ నవ్వు ఇప్పుడు సరిగ్గా అతని ఎదుటి కుర్చీలో కూర్చుని ఉంది.

గుంటూరు పట్నంబజారులో అదొక పురుగుమందుల దుకాణం. ముందు గదిలో డబ్బాలు, స్ప్రేయర్లు. వెనక గదిలో ఇనప బీరువా పక్కకి జరిపితే మెట్లు. మెట్లెక్కితే ఏసీ గది, గోడ నిండా మ్యాపులు, మధ్యలో చీఫ్ బాలస్వామి. అది 2007 మార్చి. మిర్చి సీజన్ మంచి ఊపు మీద ఉంది. ఎంత ఏసీ వేసినా బజారు ఘాటు సందుల్లోంచి లోపలికి వస్తూనే ఉంది.

"ఆపరేషన్ పేరు 'జోడీ'," అన్నాడు చీఫ్. "లీడ్ మార్క్. బ్యాకప్ షఫీక్."

మార్క్ నవ్వాడు. పోయినసారీ మార్కే లీడ్, అంతకుముందూ మార్కే. పొన్నూరు వరి పొలాల మధ్య పుట్టిన మార్క్‌కి గుంటూరు మిర్చి కేసు ఇవ్వడమేమిటని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

చీఫ్ పక్కన కాటన్ చీరలో ఒకావిడ కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవి మిర్చి ఘాటుకి ఎర్రబడ్డ కళ్లు కావని ఎవరికైనా తెలుస్తుంది.

"డాక్టర్ స్తుతి. పాలిమర్ సైంటిస్టు. దర్శి దగ్గర ఈవిడ ల్యాబ్. చెప్పండి మేడం."

స్తుతి హ్యాండ్‌బ్యాగులోంచి రెండు షీటు ముక్కలు తీసింది. మొదటిదాన్ని వేళ్లతో వంచగానే అప్పడంలా విరిగి టేబుల్ మీద రాలింది.

"మొక్కజొన్న నుంచి తీసిన ప్లాస్టిక్ ఒకటి, కర్రపెండలం పిండి ఇంకొకటి. రెండూ మట్టిలో కలిసిపోయేవేనండి. కానీ ఒకదానితో ఒకటి కలవవు. కరిగించి కలిపినా లోపల దేనికదే విడిగా ఉండిపోతుంది. అందుకే ఇలా విరిగిపోతుంది." రెండో ముక్కని రెండు చేతులా లాగింది. అది సాగింది గాని తెగలేదు. "ఇందులోనూ ఆ రెండే ఉన్నాయి. కాకపోతే మధ్యలో ఒక కంపాటిబిలైజర్ వేశాను. అది ఒక చేత్తో పిండిని పట్టుకుంటుంది, ఇంకో చేత్తో ప్లాస్టిక్‌ని పట్టుకుంటుంది. రెండు పక్షాలకీ తన మనిషే అన్నట్టు ఉంటుంది. పత్తిగింజల నూనెతో చేశాను. పేరు ఎస్-నైన్."

"ఈ షీటు దేనికండి?" అన్నాడు షఫీక్.

"మిరప తోటలో సాళ్ల మీద పరవడానికి. కలుపు రాదు, నీళ్లు ఆదా అవుతాయి. మామూలు ప్లాస్టిక్ షీట్లు ముక్కలై మట్టిలో మిగిలిపోతున్నాయి. ఇదైతే కాపు అయిపోయాక మట్టైపోతుంది." ఆవిడ టేబుల్ మీద రాలిన ముక్కల్ని ఏరింది. "పదేళ్ల పని. పొలం పరీక్ష అవగానే పేటెంటుకి వేద్దామనుకున్నాను. మొన్న ల్యాబ్ తాళం పగలగొట్టి ఉన్న గింజలన్నీ పట్టుకుపోయారు."

మిగతాది చీఫ్ అందుకున్నాడు. దొంగలు కోబాల్ట్ ముఠా. నాయకుడు వోల్ఫ్. విదేశీయుడు, తనూ పాలిమర్ ఇంజనీరే. మసాలా దినుసుల ఇంపోర్టర్ వేషంలో నరసరావుపేట రోడ్డులో గోడౌన్ తీసుకుని ఎండుమిర్చి కొంటున్నాడు. ఆ మిర్చి టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, ఏదో ఒకదాంట్లో ఎస్-నైన్ చెన్నై పోర్టు చేరుతుంది.

"లేత పసుప్పచ్చ గింజలు. చూడ్డానికి అచ్చం మిరప విత్తనాలే. అందుకే మామూలు గుడ్డ సంచిలో కట్టాడు. ఫాయిల్ ప్యాకెట్ అయితే స్కానర్‌లో పడుతుంది. సంచి ఓడెక్కిందా, వాళ్ల ల్యాబ్ దాన్ని విప్పి చూసేస్తుంది, పేటెంటు వాళ్ల పేరు మీద పడుతుంది. రేపు మన రైతు తన పొలంలో షీటు పరుచుకోడానికి వాళ్లకి కప్పం కట్టాలి. మేడం పేరు ఎక్కడా ఉండదు."

"ఒక్క మాటండి," అంది స్తుతి. "దొరికితే తడి తగలనివ్వొద్దు. నీళ్లు పడితే దాని చెయ్యి ముడుచుకుపోతుంది. ఇక దేన్నీ పట్టుకోదు."

"రెయిడ్ చేస్తే పోదా సార్?" అన్నాడు షఫీక్.

"వోల్ఫ్ కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయయ్యా. సరుకు చేతిలో లేకుండా మీద చెయ్యేస్తే సాయంత్రానికి ఢిల్లీ నుంచి నాకు ఫోనొస్తుంది. ముందు సంచి దొరకాలి. అది ఏ టిక్కీలో ఉందో కనుక్కునే మనిషి మనకి లోపలుంది."

తలుపు తెరుచుకుంది. షాహిస్తా లోపలికి వచ్చింది.

కోబాల్ట్ ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటుంది. డిపార్ట్‌మెంట్ తమ మనిషి అనుకుంటుంది. షఫీక్ మాత్రం తన మనిషి అనుకుంటాడు. రెండేళ్ల కిందట సింగరాయకొండలో ఒక మిషన్ కోసం ఇద్దరూ మొగుడూ పెళ్లాల్లా చలికాలమంతా కాపురం ఉన్నారు. అది ఉత్తుత్తి కాపురమే. మిషన్ అయిపోగానే డిపార్ట్‌మెంట్ ఫైలు మూసేసింది. షఫీక్ మూయలేదు. ఆమె టీలో ఏలక్కాయ వేస్తుందనీ, నిద్రలో పళ్లు నూరుతుందనీ ఈ లోకంలో తనొక్కడికే తెలుసని ఇప్పటికీ గర్వపడుతుంటాడు.

"కవర్ ఏంటి సార్?" అన్నాడు ఆశగా.

"చెన్నై ఎక్స్‌పోర్టర్ డేవిడ్ రాజు, అతని కొత్త పెళ్లాం. వోల్ఫ్‌కి పార్ట్‌నర్‌షిప్ ఆఫర్ ఇస్తారు. కొత్త ఎక్స్‌పోర్టర్ని పెళ్లితో ఎర వేసి పట్టుకొచ్చానని షాహిస్తా అతనితో ముందే చెప్పింది. మార్క్ డేవిడ్ రాజు. షాహిస్తా భార్య."

"మరి నేను?"

"వాళ్ల డ్రైవర్‌వి. కాస్త చెవుడు."

మార్క్ మళ్లీ నవ్వాడు.

* * *

చెవుడు ఎందుకంటే చెవిలో హియరింగ్ ఎయిడ్ పెట్టుకోవచ్చు కనక. అది నిజానికి రిసీవర్. మార్క్ చొక్కా రెండో గుండీ మైకు. లోపల షాహిస్తా టిక్కీ ఆచూకీ లాగి మార్క్ చెవిలో చెబుతుంది. బయట షఫీక్ వింటాడు. మార్క్ వోల్ఫ్‌ని మాటల్లో పెట్టిన కాసేపట్లో షఫీక్ సంచి తీసి సిగ్నల్ ఇస్తే, దూరంగా జీపులో ఉన్న చీఫ్ వచ్చి వాలతాడు. అదీ ప్లాను.

క్వాలిస్ నరసరావుపేట రోడ్డెక్కింది. రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో ఎండుతున్న మిరపకాయలు. షఫీక్ వాటిని చూడలేదు. అద్దంలో వెనక సీటునే చూస్తున్నాడు. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, మెళ్లో నల్లపూసలు. ఆ నల్లపూసలు డిపార్ట్‌మెంటు స్టోర్సువే. సింగరాయకొండలో తన చేతులతో కట్టినవే. ఇప్పుడు వాటి పక్కన మార్క్ భుజం ఉంది.

"ఏరా షఫీ, రోడ్డు చూడు. గేదె వస్తోంది," అన్నాడు మార్క్.

"కనపడుతోందిలే."

"చెవుడే అనుకున్నా, చూపు కూడానా?"

షాహిస్తా ఫక్కున నవ్వింది. తనతో కాపురం ఉన్న చలికాలమంతా ఆమె ఇలా నవ్విందా అని షఫీక్ లెక్కలు తీశాడు. తేలలేదు. గేదె మాత్రం వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

గోడౌన్ గేటు దగ్గర ఒక బలిష్ఠుడు కారాపాడు.

"తాలు కాయ కలిసిందా?" అన్నాడు. తాలు కాయంటే రంగు పోయిన కాయ. అది కోడ్.

"కలవనివి కలిపేవాళ్లం మేము," అంది షాహిస్తా.

గేటు తెరుచుకుంది.

లోపల ఎర్రటి గుట్టలు. ఆడకూలీలు కాయల మీద బిందెలతో నీళ్లు చిలకరిస్తున్నారు. హమాలీలు టిక్కీల్లో దిగి తొక్కి నింపుతున్నారు. ఒక లారీ సగం పైగా లోడయి ఉంది. వరండాలో తెల్ల లినెన్ చొక్కాలో వోల్ఫ్, చేతిలో జేబురుమాలు, ముక్కు దొండపండయింది. మార్క్ చెయ్యి ఊపి, భార్య నడుం చుట్టూ ఇంకో చెయ్యి వేసి, ఆఫీసు గదిలోకి నడిచాడు.

నడుం చుట్టూ చెయ్యి అనేది బ్రీఫింగ్‌లో లేదు. షఫీక్‌కి బాగా గుర్తు.

క్వాలిస్ బానెట్ తుడుస్తున్నట్టు నించుని చెవి మీద ధ్యాస పెట్టాడు. కంటైనర్లు, రేట్లు, తేజ రకం, చపాటా రకం. వోల్ఫ్ ఫోనొచ్చి పక్కకి వెళ్లినట్టున్నాడు, కుర్చీ జరిగింది. తర్వాత షాహిస్తా గొంతు, చాలా మెల్లగా, చాలా దగ్గరగా.

"చెయ్యి తియ్యకండి."

ఒక చిన్న నవ్వు. మార్క్ నవ్వే. ఆ నవ్వు షఫీక్ చెవిలోంచి దిగి గుండెలో మేకులా దిగబడింది. "మీ చెయ్యి ఇలాగే ఉండనీండి..." అంటోందామె. ఇక వినడం అతని వల్ల కాలేదు. రిసీవర్ చెవిలోంచి పీకేశాడు. కాలరు మీద వేలాడేసి, గుడ్డ తీసుకుని బానెట్ రంగు ఊడొచ్చేలా రుద్దడం మొదలుపెట్టాడు.

మరొక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే మిగతాది వినేవాడు. "గేటు దగ్గర వాడు కిటికీలోంచి చూస్తున్నాడు" అనీ, "పై వరసలో, క్యాబిన్‌కి ఆనుకుని, ఎడమ చివర టిక్కీ" అనీ ఆమె చెప్పింది. అది విన్నది మార్క్ ఒకడు, వోల్ఫ్ టేబుల్ మీది గడియారం ఒకటి, అంతే.

బానెట్ తళతళలాడేసరికి షఫీక్‌కి తెలివొచ్చింది. రిసీవర్ చెవిలో పెట్టాడు. మళ్లీ కంటైనర్లు, రేట్లు. చెప్పాల్సింది చెప్పేశారని అర్థమైంది. రిసీవర్‌ని చెవిలోంచి లాగి కాలరు మీద వదిలేశాడు. మళ్లీ చెప్పమని అడిగే దారి లేదు. మైకు అటునుంచి ఇటే. అవతల చివరి టిక్కీలు కూడా లారీ ఎక్కాయి. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఒకడు టార్పాలిన్ విప్పుతున్నాడు.

'స్తుతిగారి పదేళ్ల పని, నా కుళ్లుబోతు బుద్ధికి పోతోంది,' అనుకున్నాడు. అలా అనుకున్నాక కూడా లోపల ఒక మూల మార్క్ చెయ్యి ఎక్కడుందో అన్న బెంగ పోలేదు. మనిషి జన్మ అలాంటిది.

లారీ నిండా బస్తాలు. అన్నీ ఒకటే ముఖం. విప్పి చూసే టైము లేదు. షఫీక్ కళ్లు గుట్ట దగ్గరికి పోయాయి. ఆడకూలీలు మిగిలిన కాయల మీద నీళ్లు చిలకరిస్తున్నారు. గుంటూరులో పుట్టినవాడెవడూ దాన్ని ప్రత్యేకంగా చూడడు. లాలాపేటలో షఫీక్ వాళ్ల నాన్న మిర్చి కొట్లో గుమాస్తా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నదే. ఎండుకాయ పొడిపొడిగా తొక్కితే విరిగి గింజ రాలిపోతుంది. అందుకే నీళ్లు చిలకరించి, కాయ మెత్తబడ్డాక తొక్కుతారు. తడపకుండా టిక్కీ నింపిన మనిషి ఈ జిల్లాలో లేడు.

తడపకుండా.

నీళ్లు పడితే దాని చెయ్యి ముడుచుకుపోతుందని కదా స్తుతి చెప్పింది. వోల్ఫ్ పాలిమర్ ఇంజనీరు. ఆ సంగతి వాడికీ తెలుసు. గుడ్డ సంచిని తడి కాయల మధ్య పెడతాడా? చచ్చినా పెట్టడు. ఆ ఒక్క టిక్కీకి నీళ్లు వద్దని పక్కన నించుని మరీ నింపించి ఉంటాడు.

షఫీక్ చెప్పులు విప్పేశాడు.

"అన్నా, తాడు నే కడతా, నువ్వు కిందనుంచి లాగు," అంటూ లారీ ఎక్కాడు. టార్పాలిన్ కుర్రవాడికి కావలసిందీ అదే, సరేనన్నాడు. షఫీక్ తాడు పట్టుకుని టిక్కీల మీద వట్టి కాళ్లతో నడిచాడు. కాలి కింద మెత్తగా, చప్పుడు లేకుండా దిగుతున్నాయి. ఇంకోటి, అదీ మెత్తగానే. లారీ కదిలింది. క్యాబిన్ దాకా తూలుకుంటూ వెళ్లి, ఎడమ చివర కాలు మోపాడు.

కరకరలాడింది.

మళ్లీ మోపాడు. ఎండుటాకుల మీద నడిచినట్టు కరకర. గోనె సందుల్లోంచి ఎర్రటి దుమ్ము లేచి అరికాలు మండింది. ఆ మంట అతనికి అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. జేబులోంచి కత్తి తీసి కుట్టు కోశాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. వేళ్లకి గుడ్డ తగిలింది.

"స్టాప్!"

లారీ ఆగింది. కింద వోల్ఫ్, చేతిలో పిస్టల్. దాని మూతి మార్క్ కణతకి ఆనించి ఉంది.

"చెవిటి డ్రైవరు బస్తాలు కోస్తాడా, మిస్టర్ డేవిడ్ రాజు?" అన్నాడు వోల్ఫ్ ఇంగ్లీషులో. "డ్రైవర్! ఆ సంచి కింద పడెయ్. లేదా మీ సార్ తల ఎగిరిపోతుంది."

షాహిస్తా వోల్ఫ్ పక్కకి నడిచింది. పర్సులోంచి బుల్లి పిస్టల్ తీసి తనూ మార్క్‌కే గురి పెట్టింది. "నేను ముందే చెప్పాను కదా వోల్ఫ్, వీణ్ణి నమ్మొద్దని," అంది చల్లగా.

చెప్పుకోడానికి సిగ్గుచేటు గాని, షఫీక్‌కి ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆమె మార్క్ మనిషి కాదు! దేశద్రోహి అయితే అయింది, మార్క్ మనిషైతే కాదు. ఆ వెంటనే ఇంకో పాడు ఆలోచన కూడా వచ్చింది. సంచి తన చేతిలో ఉంది. జీపు అర మైలు దూరంలో ఉంది. ఇవ్వనంటే దేశం గెలుస్తుంది, మార్క్ నవ్వు ఇక ఉండదు. రూల్ బుక్కు కూడా అదే చెబుతుంది.

"ఒరేయ్ షఫీ, ఇవ్వమాకరా!" అని అరిచాడు మార్క్. "నా సంగతి వదిలెయ్. మేడం పదేళ్ల కష్టంరా అది!"

షఫీక్‌కి ఒళ్లు మండిపోయింది. చచ్చే ముందు కూడా మంచి మాటలన్నీ వీడే అనేస్తున్నాడు. వీణ్ణి ఇలా చావనిస్తే జన్మంతా వీడి ఫోటోకి దండ వేస్తూ బతకాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ చావనివ్వకూడదు.

అప్పుడే షాహిస్తా ఎడమ చెయ్యి కదిలింది. ఎండకి కప్పుకున్నట్టుగా పైట కొంగు తీసి ముక్కూ కళ్లూ కప్పుకుంది. కొంగు అంచులోంచి తలెత్తి పొడి టిక్కీ వైపు చూసింది. మిర్చి యార్డు ఎరిగిన మనిషికి ఇంకేం చెప్పనక్కర్లేదు. ఆమె ఎవరి మనిషో షఫీక్‌కి తెలిసిపోయింది.

"ఇస్తున్నా, ఇస్తున్నా," అన్నాడు. సంచిని చొక్కాలో దోపుకున్నాడు. కోసిన టిక్కీని రెండు చేతులా ఎత్తి వోల్ఫ్ నెత్తిన బోర్లించాడు.

తడిపిన టిక్కీ అయితే కాయలు తప్ప ఏమీ పడేది కాదు. ఇది మాత్రం వోల్ఫ్ దగ్గరుండి పొడిగా తొక్కించిన టిక్కీ. సగం నుగ్గు, సగం గింజ, మిగతాదంతా కారం. ఎర్రటి మబ్బు దిగింది. వోల్ఫ్ పెట్టిన కేక గోడౌన్ అంతా మోగింది. పిస్టల్ గాల్లోకి పేలింది. షాహిస్తా కాలితో ఒక్క తన్ను తన్నగానే అది క్వాలిస్ కిందికి జారిపోయింది. గేటు దగ్గర బలిష్ఠుడు పరుగున వచ్చాడు, మబ్బులోకి దూరాడు, తుమ్ముతూ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

అంతా చేసి షఫీక్ బస్తాని ఆఖరుగా ఒకసారి దులిపాడు. ఆ దులిపిన చోట వోల్ఫ్ లేడు. మార్క్ ఉన్నాడు.

* * *

పిస్టల్ చప్పుడు విని వచ్చిన చీఫ్ జీపు దిగేసరికి వోల్ఫ్ చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి, ముఖం మిరపపండు రంగులో వాచి ఉంది. వెనకే దిగిన స్తుతి గుడ్డ సంచి విప్పి, ఒక గింజ వేళ్ల మధ్య నలిపి చూసి, పొడిగానే ఉందని తెలిశాక సంచిని గుండెకి హత్తుకుంది.

"బాబూ, నీ రుణం తీర్చుకోలేను," అంది షఫీక్‌తో.

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి షఫీక్ పొంగిపోయేవాడు. ఇప్పుడతని చూపు క్వాలిస్ దగ్గర ఉంది. అక్కడ మార్క్ డోరు పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్లు మూసుకుని. షాహిస్తా అతని తల ఒళ్లో పెట్టుకుని, ఎవరో కూలీ ఇచ్చిన పాలతో పట్టుచీర కొంగు తడిపి కళ్లు అద్దుతోంది.

"ఏమయ్యా, మార్క్ కళ్లలో ఎలా పడింది?" అన్నాడు చీఫ్.

"గాలి అటు వీచింది సార్."

బాలస్వామి గోడౌన్ పైన జెండా కేసి చూశాడు. అది గుడ్డపేలికలా వేలాడుతోంది.

షఫీక్ క్వాలిస్ దగ్గరికి నడిచాడు. షాహిస్తా తలెత్తకుండానే అడిగింది. "ఎడమ చివరని చెప్పాను కదా. లారీ కదిలేదాకా ఏం చేస్తున్నావు?"

"సిగ్నల్ కట్టయింది."

ఆమె అప్పుడు తలెత్తింది. అతని కాలరు మీద వేలాడుతున్న రిసీవర్ని, అద్దంలా మెరుస్తున్న బానెట్‌ని చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదనిపించింది షఫీక్‌కి. ఆమె మళ్లీ కొంగు పాలలో ముంచింది.

"షఫీ ఉన్నాడా?" అన్నాడు మార్క్ కళ్లు తెరవలేక, చెయ్యి గాల్లోకి చాపి. "ప్రాణం కాపాడావురా. థాంక్స్‌రా." అంటూ నవ్వాడు. ఆ చెయ్యి గాల్లోనే ఉండగా షాహిస్తా పట్టుకుని మెల్లిగా కిందికి దించింది. దించాక వదల్లేదు.

షఫీక్ తన చేతుల వైపు చూసుకున్నాడు. మణికట్టు దాకా కారం. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకున్నాక కుడి చెయ్యి మెల్లిగా పైకెత్తి, చూపుడు వేలుతో కన్ను ఒక్కసారి బాగా రుద్దుకున్నాడు.

"అబ్బా! షాహిస్తా, నాకూ పడింది!"

"అదుగో, అక్కడ బకెట్టుంది," అంది షాహిస్తా వెనక్కి తిరక్కుండానే. "కడుక్కో."